పాత స్కాట్స్‌లో ‘కెన్’ అంటే ‘తెలుసు’ ఒక్కటేనా? మన ‘కను’తో చుట్టరికం ఉందా?

మీరడిగింది ఇది. స్కాట్లాండ్‌లోని డండీలో చదువుకుంటూ ఒక కేఫ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారు. తోటివాళ్ళు మాటకి ముందొక ‘కెన్’, వెనకొక ‘కెన్’ అంటుంటే నెట్‌లో వెతికారు, ‘తెలుసు’ అని అర్థం దొరికింది. కానీ మీ రూమ్‌మేట్ చూపించిన 1600ల నాటి కాగితంలో ఒక విధవరాలిని ‘ఆమె టెర్స్‌కి కెన్ చేశారు’ అని ఉంది, అక్కడ ‘తెలుసు’ పెడితే వాక్యం అతకడం లేదు. పైగా ఇది మన ‘కను’ ధాతువేనని ఎవరో వీడియోలో చెప్పారు, అది నిజమా అని.

సూటిగా చెప్పేస్తాను. ఒక్క అర్థం కాదు. పాత స్కాట్స్‌లో కెన్‌కి అసలు పట్టు ‘చూసి గుర్తుపట్టు’ అన్నచోట ఉంది. అంతకన్నా పాతది ‘తెలియజేయి, చూపించు’. ‘తెలుసు’ అన్నది వీటి పక్కన చేరి, పోనుపోను మిగతావాటిని మింగేసింది. మీ కాగితంలో ఉన్నది ఆస్తి పంపకం, అక్కడ కెన్ అంటే హద్దులు చూపించి అప్పగించడం. ఇక ‘కను’తో చుట్టరికం లేదు. ఎందుకు లేదో కింద రాస్తాను, ఎందుకంటే ఈ వాదన పైకి భలే అందంగా కనిపిస్తుంది.

నేను ఎడిన్‌బరోలో పాత దస్తావేజులు చదివిపెట్టే పని చేస్తాను. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియాల నుంచి తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవాళ్ళు వస్తారు. వీలునామాలు, భూమి పత్రాలు, కోర్టు పుస్తకాలు, వీటిలో ఈ క్రియ ఎదురుపడని వారం ఉండదు. కాబట్టి కవిత్వంకన్నా కాగితాల వైపు నుంచే నాకు ఇది బాగా పరిచయం, జవాబులో ఆ మొగ్గు కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. స్కాట్స్ అంటే గేలిక్ కాదు. గేలిక్ ఐరిష్‌కి చెల్లెలు. స్కాట్స్ మాత్రం ఇంగ్లీషుకి తోబుట్టువు, పాత ఇంగ్లీషు ఉత్తరాది మాండలికం నుంచి పెరిగింది. 15వ శతాబ్దం చివరిదాకా దాన్ని మాట్లాడేవాళ్ళే ‘ఇంగ్లిస్’ అని పిలుచుకున్నారు, ‘స్కాటిస్’ అన్న పేరు ఆ తర్వాత నిలబడింది. 1424 నుంచి స్కాట్లాండ్ పార్లమెంటు చట్టాలు లాటిన్‌లో కాకుండా ఈ భాషలోనే రాయడం మొదలైంది. ‘పాత స్కాట్స్’ అని పండితులు అనేది సుమారు 1700 దాకా ఉన్న భాషని.

ఇప్పుడు పుట్టుక. పాత ఇంగ్లీషులో ‘కెన్నన్’ అనే క్రియ ఉండేది. దాని అర్థం ‘తెలియు’ కాదు, ‘తెలుపు’. వ్యాకరణం భాషలో చెప్పాలంటే ప్రేరణార్థకం. మనకి తెలియు, తెలుపు ఉన్నట్టే వాళ్ళకి ‘కున్నన్’ తెలియడం, ‘కెన్నన్’ తెలియజేయడం. మరి తెలుపు కాస్తా తెలియు ఎలా అయింది? దానికి కారణం వైకింగులు. ఉత్తర ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాండినేవియన్లు తెచ్చిన ‘కెన్నా’ అనే క్రియ ఇదే కుటుంబంలోది, కానీ దానికి గుర్తుపట్టు, ఎరుగు, అనుభవంలోకి తెచ్చుకో, నేర్పు అని చాలా అర్థాలు ఉండేవి. రెండు మాటలూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, ఇరుగుపొరుగు కలిసి బతికారు, దాంతో స్థానిక మాటలోకి నార్స్ (ఆ స్కాండినేవియన్ల భాష) అర్థాలు దిగిపోయాయి. దక్షిణ ఇంగ్లండ్‌లో ఈ మాట పెద్దగా నిలవకపోవడానికీ ఉత్తరాన, స్కాట్లాండ్‌లో పాతుకుపోవడానికీ ముఖ్య కారణం ఇదే.

ఇలా జారిపోవడం వింతేమీ కాదు. సంస్కృతంలో ‘జ్ఞాపకం’ అంటే ‘తెలియజేసేది’. అదీ ప్రేరణార్థకం నుంచి వచ్చిన మాటే. తెలుగులోకి వచ్చేసరికి మనసులో ఉండే గుర్తు అయిపోయింది. జ్ఞాపకంలో ఉన్న ఆ ‘జ్ఞా’ ధాతువూ కెన్‌లో ఉన్నదీ ఇండో యూరోపియన్ మూలంలో ఒకటే. అంటే కెన్‌కి తెలుగులో బంధువులు నిజంగానే ఉన్నారు. జ్ఞానం, ఆజ్ఞ, విజ్ఞప్తి, ప్రజ్ఞ అన్నీ సంస్కృతం ద్వారా వచ్చిన దూరపు చుట్టాలు.

సరే, అసలు చిక్కు దగ్గరికి వద్దాం. పాత స్కాట్స్‌లో ‘తెలుసు’ అనడానికి ఒక క్రియ కాదు, కనీసం నాలుగు ఉండేవి. ఇంగ్లీషు ద్వారా చూస్తే నాలుగూ ఒకటే అనిపిస్తుంది, తెలుగు ద్వారా చూస్తే తేడా చప్పున దొరుకుతుంది. ‘విట్’ అంటే ఒక సంగతి తెలియడం, ‘అతను వచ్చాడని నాకు తెలుసు’ లాంటిది. దీని రూపాలు చిత్రంగా ఉంటాయి, వర్తమానంలో ‘వాట్’, భూతంలో ‘విస్ట్’. ‘కెన్’ మన ‘ఎరుగు’కి దగ్గర, అంటే మనిషిని, చోటుని, ముఖాన్ని ఎరిగి ఉండడం. ‘క్యాన్’ విద్య రావడం, ‘నాకు ఈత వచ్చు’లో ‘వచ్చు’ లాగా. నాలుగోది ‘నా’, ఇంగ్లీషు ‘నో’కి స్కాట్స్ రూపం, ఇది తెలియడంతో పాటు ఒప్పుకోవడం, విచారించి తేల్చడం అనే వైపుకి కూడా పోతుంది. వీటి మధ్య గోడలు మరీ గట్టివేమీ కావు, ఒకే కాగితంలో రెండు మాటలు ఒకే పనికి వాడిన గుమాస్తాలూ ఉన్నారు. అయినా మొగ్గు మాత్రం స్పష్టం. జర్మన్ నేర్చుకున్నవాళ్ళకి కెన్నెన్, విస్సెన్ తేడా తెలిసే ఉంటుంది, అదే ఇక్కడా. ‘విట్’ మెల్లగా వాడుక తప్పింది, ఆ ఖాళీలోకి కెన్ వచ్చి కూర్చుంది. అందుకే ఇవాళ మీ కేఫ్‌లో ‘అతను వచ్చాడని కెన్’ అన్నా నడుస్తుంది.

వాక్యంలో ఇది ఎలా మారుతుందో కూడా కొంచెం చూడాలి, లేకపోతే పాత కాగితం చదువుతూ గుమాస్తాకి వ్యాకరణం రాదనుకుంటారు. పాత స్కాట్స్‌లో ‘వాళ్ళు’ అనే సర్వనామం క్రియకి ఆనుకుని ఉంటే ‘థే కెన్’. అదే కర్త నామవాచకమైతే, అంటే ‘మనుషులు’ అయితే, ‘మెన్ కెన్నిస్’. బహువచనానికి ‘ఇస్’ ఏంటి అనిపిస్తుంది కానీ అది తప్పు కాదు, ఉత్తరాది నియమమే అంత. సర్వనామం పక్కనే ఉంటే ప్రత్యయం రాలిపోతుంది, దూరమైతే మళ్ళీ వచ్చేస్తుంది. భూతకాలానికి కెండ్, కెంట్, కెన్నిట్ మూడూ కనిపిస్తాయి. ‘కెన్నాండ్’ అంటే ఎరిగినవాడై, ఎరుగుతూ అని, ‘కెన్నింగ్’ అంటే ఎరగడం అనే నామవాచకం. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే ‘ఇంగ్’ అయిపోయాయి, పాత స్కాట్స్ మాత్రం చాలాకాలం విడిగా ఉంచుకుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, కాగితాలు. బాండ్లు, ఒప్పందాలు తరచూ ‘బీ ఇట్ కెండ్ టిల్ ఆల్ మెన్’ అని మొదలవుతాయి. అర్థం అచ్చం మన టముకు వాక్యమే, ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’. ఇక్కడ పాత ప్రేరణార్థం వాసన ఇంకా తగులుతుంది.

మీ టెర్స్ సంగతి ఇదీ. టెర్స్ అంటే మూడో వంతు. భర్త పోయాక అతని భూమిలో మూడో వంతు ఫలసాయాన్ని భార్య బతికున్నన్నాళ్ళూ అనుభవించే హక్కు అది. అమ్ముకోవడానికి లేదు. ఊరికే రాదు కూడా, పెళ్ళై ఏడాది మీద ఒక రోజు నిండి ఉండాలి, లేదా వాళ్ళకి బిడ్డ పుట్టి ఆ బిడ్డ ఏడుపు వినిపించి ఉండాలి. (ఏడుపు ఎవరు విన్నారన్న దాని మీద సాక్ష్యాలు కూడా తీసుకునేవారు.) విధవరాలు దరఖాస్తు పెడితే షెరిఫ్‌కి, అంటే ఆ ప్రాంత న్యాయాధికారికి, ఆజ్ఞాపత్రం వెళ్ళేది. పంచాయతీ పెద్దల్లాంటి జ్యూరీ కూర్చుని ఈమె ఆ మనిషి భార్యేనా, ఆయన పోయేనాటికి ఆ భూమి ఆయన పేరునే ఉందా అని తేల్చేది. అక్కడికి హక్కు ఖాయం. కానీ ఏ చెక్క ఆమెది? అది తేలేదాకా వారసుడితో ఉమ్మడే. అప్పుడు షెరిఫ్ వెళ్ళి ఆమెని టెర్స్‌కి ‘కెన్’ చేసేవాడు. ఎలాగంటే, సూర్యుడి వైపా నీడ వైపా అని చీటీ వేసేవారు. సూర్యుడంటే తూర్పు, నీడంటే పడమర. ఏది పడితే అటు నుంచి మొదలుపెట్టి మొదటి రెండు ఎకరాలు వారసుడికి, మూడోది ఆమెకి, మళ్ళీ రెండు అతనికి, ఒకటి ఆమెకి, అలా చివరిదాకా. మంచి నేలంతా ఒకరికే పోకుండా ఉండడానికి ఇంతకన్నా తేలిక పద్ధతి నాకైతే తోచదు. ఈ క్రియ ఆ పనికి ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. చూపించడం, గుర్తింపజేయడం, అప్పగించడం, అన్నీ ఒక్క మాటలో. ఆంగ్లంలోకి ‘నోన్’ అని మారిస్తే అన్నీ పోతాయి.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఇంట్లోవాళ్ళు ఇలాంటి వాక్యాన్నే తీసుకుని టెర్స్ అనేది ఊరిపేరు అనుకున్నారు. ‘టెర్స్‌లో అందరికీ తెలిసిన విధవరాలు’ అని వంశవృక్షంలో రాసేసుకుని, ఆ ఊరు మ్యాప్‌లో దొరకడం లేదని వచ్చారు. అర్థం విప్పి చెబితే ముందు నమ్మలేదు, తర్వాత ఆవిడ పొలం ఎన్ని ఎకరాలో లెక్క వేయమన్నారు! మీ రూమ్‌మేట్‌కి కూడా చెప్పండి, కాగితం మిగతా భాగంలో వారసుడి పేరు, చీటీ ఫలితం ఉండే అవకాశం ఉంది, అక్కడ చూస్తే కుటుంబం సంగతులు బాగానే దొరుకుతాయి. ఈ టెర్స్ హక్కు 1964లో వచ్చిన స్కాట్లాండ్ వారసత్వ చట్టంతో రద్దయింది, అంటే చట్టం పుస్తకాల్లో కెన్‌కి ఈ అర్థం మొన్నమొన్నటిదాకా బతికే ఉంది.

పట్టణాల్లో ఇళ్ళ విషయంలో ఇంకో మాట వస్తుంది, ‘కాగ్నోస్’. ఇది లాటిన్ నుంచి వచ్చింది, ధాతువు మళ్ళీ అదే. పట్టణ అధికారి ఫలానావాడే వారసుడని ‘కాగ్నోస్’ చేసేవాడు, వారసుడు తలుపు గొళ్ళెం, కొక్కెం చేత్తో పట్టుకుని స్వాధీనం చేసుకునేవాడు. లాటిన్ మాటా స్కాట్స్ మాటా పక్కపక్కనే ఒకే రకం పనికి కనిపిస్తుంటే ఈ క్రియ ‘మనసులో తెలియడం’ కన్నా ‘నలుగురి ముందు గుర్తించడం’ వైపు ఎంత ఒరిగి ఉందో తెలిసిపోతుంది.

వ్యతిరేక రూపం ఇంకా బాగుంటుంది, ‘మిస్‌కెన్’. గుర్తుపట్టకపోవడం అనే అర్థం సరే, ఎక్కువగా చూసీ చూడనట్టు పోవడం, మనవాడు కాదన్నట్టు ఉండడం అనే అర్థంలో వస్తుంది. ‘తనని తాను మిస్‌కెన్ చేసుకోవడం’ అంటే తన స్థాయి మరిచి మిడిసిపడడం. చర్చి విచారణలు, ఇరుగుపొరుగు తగాదాల రికార్డుల్లో ఇలాంటివి చదువుతుంటే టైమ్ తెలీదు.

ఈ కుటుంబంలో మిగతా మాటలు త్వరగా చెప్పేస్తాను. ‘కౌత్’ అంటే తెలిసిన, దాని నుంచి ‘కూథీ’, ఆప్యాయమైన, ఇంట్లో ఉన్నట్టుండే. ‘అన్‌కౌత్’ అంటే తెలియని, వింత. అది అరిగి ‘అంకో’ అయి చివరికి ‘చాలా’ అనే క్రియావిశేషణం పని చేస్తోంది. ‘క్యానీ’ అంటే జాగ్రత్తపరుడు, ‘క్యాన్’ నుంచి వచ్చింది. ‘కెన్‌స్పెకల్’ అంటే ఇట్టే కంటపడే మనిషి, ఇది నార్స్ వైపు నుంచి వచ్చినట్టుంది, నార్వేజియన్, స్వీడిష్‌లలో దగ్గరి మాటలున్నాయి. ‘కెన్నిన్’ అంటే గుర్తుపట్టగలిగేంత కొంచెం, ఇసుమంత. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ మనుషులు ‘ఎ కెన్నిన్’ దారి తప్పినా క్షమించాలన్నట్టు రాశాడు, ఆ మాటకి పేరు దానివల్లే. ఓడల వాళ్ళ భాషలో ‘కెన్నింగ్’ అంటే సముద్రం మీద నుంచి కంటికి ఆనేంత దూరం, సుమారు 20 మైళ్ళు. ఇక్కడ కూడా చూపే ముఖ్యం.

పాత కవిత్వం చదివితే ఒక ఉచ్చు ఉంది. 1375 ప్రాంతంలో జాన్ బార్బర్ రాసిన ‘బ్రూస్’ కావ్యం నుంచి మొదలుపెట్టి ‘అతను క్యాన్ సే’ లాంటివి తెగ కనిపిస్తాయి. చెప్పగలడు అని కాదు, చెప్పాడు అని అర్థం. ‘మొదలుపెట్టాడు’ అనే అర్థమున్న ‘గ్యాన్’ అనే మాట దీనితో కలిసిపోయి భూతకాలాన్ని చూపే ఉత్త సహాయక్రియ అయింది, ఛందస్సు నింపడానికి కవులకి మంచి అవకాశం. దానికీ తెలియడానికీ సంబంధం లేదు.

ఇప్పుడు ‘కను’. వాదన ఎందుకు ఆకర్షిస్తుందో నాకు అర్థమవుతుంది. కెన్ అంటే చూసి గుర్తుపట్టు, కను అంటే చూడు. కనుగొను కూడా ఉంది. ఇంకా ముందుకెళ్తే పాత ఇంగ్లీషు కెన్నన్‌కి ‘బిడ్డని కను’ అనే అర్థం సైతం ఉండేది, మన కనుకీ ఉంది! ఇంత కుదిరాక ఒప్పుకోకుండా ఎలా అనిపిస్తుంది. కానీ చుట్టరికం తేల్చాలంటే ఇవాళ్టి రూపాలు పక్కన పెట్టుకుంటే సరిపోదు, రెండింటినీ వెనక్కి నడిపించాలి. ఇంగ్లీషు, స్కాట్స్, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో ‘క’ ఉన్నచోట మూలంలో ‘క’ ఉండదు, అక్కడ గ, జ లాంటి ధ్వని ఉంటుంది. సంస్కృతం ‘జాను’కి ఇంగ్లీషులో మోకాలి మాట ‘నీ’, అందులో మొదట ‘క’ పలికేవారు, రాతలో ఇంకా ఉంది. ‘జన’కి ‘కిన్’. అలాగే ‘జ్ఞా’కి కెన్, లాటిన్ గ్రీకుల్లో ‘గ్నో’. అంటే వెనక్కి వెళ్ళేకొద్దీ కెన్ ‘కను’కి దగ్గరవ్వదు, దూరమవుతుంది. మన కన్ను వైపు చూస్తే తమిళంలో, కన్నడంలో కూడా మొదట ‘క’యే, లోపల నాలుక మడిచి పలికే ‘ణ’. ఒకటి ద్రావిడం, ఇంకొకటి ఇండో యూరోపియన్. పోలిక కాకతాళీయం. అన్నట్టు, ఆ బిడ్డని కనే అర్థం నేను చదివే పాత స్కాట్స్ కాగితాల్లో నాకెక్కడా తగల్లేదు, కాబట్టి వీడియో చేసినాయన పోల్చింది స్కాట్స్‌తో కూడా కాదు.

నిఘంటువు కావాలంటే ‘డిక్షనరీ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్’ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. 1700 ముందుదానికి ఒకటి, తర్వాతదానికి ఒకటి, రెండు పెద్ద నిఘంటువులు అందులో కలిసే ఉన్నాయి. 1700 ముందు భాగం 12 సంపుటాలు, విలియం క్రేగీ మొదలుపెట్టిన ఆ పని 2002లో పూర్తయింది. వెతికేటప్పుడు మీ కాగితం కాలానికి సరిపోయే భాగమే తెరవండి. కొత్త భాగంలోని మొదటి అర్థాన్ని పాత వాక్యంలో అతికించడమే అందరూ చేసే పొరపాటు.

ఇక మీ కేఫ్. డండీ వాళ్ళు ‘ఐ’ బదులు ‘ఎ’ అంటారు కాబట్టి మీకు ‘ఎ డిన్నా కెన్’ అని వినిపిస్తుంటుంది, నాకు తెలీదు అని. వాక్యం చివర ఒంటరిగా వచ్చే ‘కెన్?’కి జవాబు చెప్పాల్సిన పని లేదు, అది మన ‘కదా’, ‘తెలుసుగా’ లాంటిది, తలాడిస్తే చాలు. తూర్పు తీరం వెంట, ఫైఫ్‌లో, ఎడిన్‌బరో చుట్టుపక్కల ఇది మామూలు. గ్లాస్గో వైపు వెళ్తే దాదాపు వినిపించదు. అక్కడ మీరు కెన్ అంటే తూర్పు నుంచి వచ్చారని పట్టేస్తారు, మంచిదే, హైదరాబాద్ అని చెప్పేలోపు డండీ అని వాళ్ళే చెప్పేస్తారు. ఎవరైనా ఒకడి గురించి ‘ఆ కెంట్ హిజ్ ఫేదర్’ అంటే మాత్రం అది పరిచయం కాదు, వెటకారం. వీడెంత, వీళ్ళ నాన్న నాకు తెలీదా అని. మీ మేనేజర్ గురించి అలా ఎవరైనా అంటే తలాడించకండి.